నమ్మనివాళ్లూ కట్టే నిమ్మకాయ

2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలోని వెన్నెలవలస తనకు తానే లాక్‌డౌన్ పెట్టుకుంది. ఊళ్లో జ్వరాలు పట్టుకున్నాయి, కొద్ది రోజుల తేడాలో కొందరు చనిపోయారు. ఏదో దుష్టశక్తి ఊరి మీద పడిందని పెద్దలు తేల్చారు. దారులు మూసేశారు. బయటివాళ్లను రానివ్వలేదు, ఊళ్లోవాళ్లను పోనివ్వలేదు. బడి, అంగన్‌వాడీ మూతపడ్డాయి. పూజలు చేయించి ఊరికి నాలుగు దిక్కులా నిమ్మకాయలు పెట్టించారు. వార్త దేశమంతా తిరిగింది. చదివినవాళ్లు ‘ఈ కాలంలో కూడానా’ అని నవ్వుకున్నారు.

నిజానికి ఊరు మూసేయడం మరీ పిచ్చిపనేం కాదు. కలరా, మశూచి రోజుల నుంచీ ఉన్న అలవాటే అది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడితే ఇరుగుపొరుగు లోపలికి అడుగు పెట్టరు. జబ్బు ఎలా అంటుకుంటుందో తెలియకపోయినా, అంటుకుంటుందని మాత్రం తెలిసిన జనం చేసుకున్న ఏర్పాటు. మశూచిని తరిమింది టీకానే, మన దేశంలో ఆఖరి కేసు 1975 నాటిది. అయినా టీకా అందేలోపు బతికి బట్టకట్టినవాళ్లలో కొందరికి ఆ వేపమండ పనికొచ్చే ఉంటుంది. పైగా 2020 మార్చిలో దేశం మొత్తానికి తాళం వేయడం వెన్నెలవలస కళ్లారా చూసింది. చేసిన పని సగం సరైనదే, చెప్పుకున్న కారణమే తప్పు. ఆ తప్పుకి ఖరీదు ఉంది. జ్వరాలు మలేరియానో టైఫాయిడో అనుకుంటే రక్తపరీక్ష చేసే మనిషిని ముందు పిలుస్తారు. దయ్యం అనుకుంటే ఆ మనిషిని కూడా ఊరి బయటే ఆపేస్తారు.

మూఢనమ్మకాల గురించి మాట్లాడేటప్పుడు చదువు లేకపోవడమే కారణమని తేల్చేయడం మనకు అలవాటు. ఆ లెక్కన విజయనగరం కార్ల షోరూం ముందు నిమ్మకాయలు చిదిమే టైర్లలో సగం ఇంజినీర్లవి కాకూడదు. కొడుకు అమెరికా ఫ్లైటుకి వర్జ్యం చూసే లెక్చరర్ ఉండకూడదు. చదువు నమ్మకాన్ని తీసేయడం కన్నా ఎక్కువగా దాని బట్టలు మారుస్తుంది. అసలు నమ్మకం ఎక్కడ మొలుస్తుందంటే, పోయేది పెద్దదై, ఆపడం మన చేతిలో లేనిచోట. అది ప్రమాదమా కాదా అన్నది మాత్రం వేరే లెక్క. దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో చూస్తే తప్ప తేలదు.

ఈ మొలవడం గురించి మనస్తత్వ శాస్త్రంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం పావురాల మీద జరిగింది. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ ఎనిమిది ఆకలి పావురాలను విడివిడిగా పెట్టెల్లో ఉంచాడు. అవి ఏం చేసినా చేయకపోయినా 15 సెకండ్లకోసారి గింజలు వచ్చేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒక పావురం గింజకీ గింజకీ మధ్య గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి పెట్టె పై మూలలోకి మాటిమాటికీ తల పొడుస్తోంది. రెండు పావురాలు గడియారం లోలకంలా ఊగుతున్నాయి. మొత్తం ఎనిమిదింటిలో ఆరు ఇలాంటి ‘ఆచారం’ ఏదో ఒకటి పట్టుకున్నాయి. గింజ పడ్డప్పుడు యాదృచ్ఛికంగా ఏ పని చేస్తున్నాయో దానివల్లే గింజ వచ్చినట్టు అవి ప్రవర్తించాయని స్కిన్నర్ వ్యాఖ్యానం. 1971లో స్టాడన్, సిమల్‌హాగ్ అనే ఇద్దరు దీన్ని మళ్లీ చేసి చూసి, ఆ కదలికల్లో చాలావరకు తిండి కోసం ఎదురుచూసే పక్షి మామూలుగా చేసేవేనన్నారు. కాబట్టి పావురానికి మూఢనమ్మకం ఉందని గట్టిగా చెప్పలేం. మనిషికి మాత్రం ఆ పొరపాటు బాగా తెలుసు. ఒకసారి నీలంచొక్కా వేసుకెళ్లి ఇంటర్వ్యూ పాసైనవాడు ఆ చొక్కా చిరిగేదాకా వదలడు.

ఇంత సులభంగా మోసపోయే బుర్ర ఇన్ని వేల ఏళ్లు ఎలా నెగ్గుకొచ్చింది? చీకట్లో తాడుని చూసి పాము అనుకోవడం మన వేదాంతులకు వందల ఏళ్లుగా ఇష్టమైన ఉదాహరణ. వాళ్లకది భ్రాంతి. జీవశాస్త్రం అదే సంగతిని లాభనష్టాల వైపు నుంచి చూస్తుంది. తాడుని పాము అనుకున్నవాడికి పోయేది ఒక గెంతు. పాముని తాడు అనుకున్నవాడికి పోయేది ప్రాణం. రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టడానికి గట్టు మీద నడిచే మనిషి పదిసార్లు తాడుకి భయపడ్డా నష్టం లేదు. అలా అనవసరంగా భయపడినవాళ్ల పిల్లలమే మనమందరం.

ఈ లెక్కే ఇంట్లో మరో రూపంలో వినిపిస్తుంది. పిల్లి ఎదురైతే ఓ నిమిషం ఆగే మనిషిని నమ్ముతావా అని అడిగితే, శ్రీకాకుళం యాసలో వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: “నమ్మకం నేదుగానీ, ఏటైనా అయితే?” జేన్ రైజెన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2016లో సరిగ్గా ఈ మనిషి గురించే రాసింది. అంతవరకూ సిద్ధాంతాలు, ఆలోచించే తీరిక లేక మనిషి తప్పు చేస్తాడని, ఆలోచిస్తే దిద్దుకుంటాడని అనుకునేవి. ఆవిడ చెప్పిందేమిటంటే, తప్పు అని గుర్తుపట్టడం వేరు, దిద్దుకోవడం వేరు. బుర్ర ‘ఇది అర్థంలేనిది’ అని చెబుతుంది, చెయ్యి నిమ్మకాయ కడుతుంది. ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ‘ఏటైనా అయితే’ అన్న టెన్షన్ చాలా ఖరీదైనది. మూఢనమ్మకాలను నిజంగా మోస్తున్నది గాఢంగా నమ్మేవాళ్లు కారేమో. ఇలా సగం నవ్వుతూ పాటించేవాళ్ల సంఖ్యే ఎక్కువ. వాళ్లతో వాదించడం కూడా కష్టం, మొదటి మాటకే ఒప్పేసుకుంటారు కాబట్టి.

ఆ పిల్లి దగ్గర ఆగే మనిషి చాలా పాతవాడు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త థియోఫ్రాస్టస్ రకరకాల మనుషుల స్వభావాలను వర్ణిస్తూ మూఢనమ్మకస్తుణ్ని కూడా చూపించాడు. దారికి అడ్డంగా వీజిల్ అనే ముంగిసలాంటి జంతువు పరుగెత్తితే అతను ముందుకు కదలడు. ఇంకెవరైనా ముందు దాటేదాకా ఆగుతాడు, లేదా దారికి అడ్డంగా మూడు రాళ్లు విసిరి అప్పుడు కదులుతాడు. ఎవరైనా ముందు దాటితే దోషం వాళ్లకు పోతుందన్న ఏర్పాటు విజయనగరం సందుల్లోనూ ఉన్నదే. గ్రీసు నుంచి ఇక్కడికి ఎవరూ మోసుకురాలేదు. ఒకే రకం బుర్ర ఒకే రకం కిటుకు కనిపెట్టింది.

మన గడ్డ మీద కూడా శకునాలతో పేచీ కొత్తది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల శిథిలాలున్నాయి. బుద్ధుడి బోధనలైన సుత్తాల్లో బ్రహ్మజాల సుత్తం భిక్షువులు చేయకూడని నీచ విద్యల పెద్ద జాబితానే ఇస్తుంది. అంగలక్షణాలు, కలలకు అర్థాలు, శకునాలు, గ్రహణాలు చూసి జోస్యం చెప్పి పొట్టపోసుకోవడం అందులో ఉన్నాయి. అదే శాలిహుండంలో తర్వాతి శతాబ్దాల నాటి తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. మంత్రాలు, ధారణులనే రక్షా పాఠాలతో ఆపదలు తొలగించే వజ్రయానం అనే బౌద్ధ శాఖ అక్కడికి చేరింది. జోస్యం కూడదన్న సంప్రదాయానికే ఒక దశలో రక్షామంత్రం కావలసివచ్చింది. దీన్ని పతనం అని తీసిపారేసేవాళ్లున్నారు. కొండ దిగువ ఊళ్ల జనం సన్యాసుల దగ్గరకు ఏం అడగడానికి వచ్చేవారో ఊహిస్తే అంత ఆశ్చర్యం కలగదు. జ్వరం తగ్గాలి, వాన పడాలి, పడవ తిరిగి రావాలి.

పడవ సంగతి కాస్త ఆగి చూడాల్సిందే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి జాలర్లను గమనించాడు. లోపలి సరస్సులాంటి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్లు మంత్రాల జోలికి పోరు. అక్కడ చేప ఖాయం, ప్రమాదం తక్కువ. అదే మనుషులు బయటి సముద్రంలోకి పోవాలంటే తంతు మీద తంతు. నైపుణ్యం పనిచేసినంత మేరా నైపుణ్యాన్నే వాడారు, అది అయిపోయిన గీత దగ్గర మంత్రం అందుకున్నారు. భావనపాడు, కళింగపట్నం, బారువ తీరాల్లో పడవ ముక్కుకి పసుపు రాసి నిమ్మకాయ గుచ్చే మనిషికి జీపీఎస్ వాడటం తెలుసు, ఫోన్లో తుపాను హెచ్చరిక చదవడం తెలుసు. గంగమ్మకు మొక్కాడని ఇంజన్ ఆయిల్ చూడటం మానడు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, ఆ పైన అప్పు చేసి పోయించిన డీజిలు, వలలో ఏం పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ ‘తెలియదు’ అన్నచోట నిమ్మకాయ ఉంటుంది.

దీన్ని తర్వాతివాళ్లు కొలిచి చూశారు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇజ్రాయెల్ నగరాల మీద ఇరాక్ క్షిపణులు పడ్డాయి. కైనన్ అనే పరిశోధకుడు క్షిపణులు పడే నగరాల వాళ్లనూ, పడని నగరాల వాళ్లనూ పోల్చాడు. దాడి అంచున ఉన్నవాళ్లలో మాయామర్మాల ఆలోచనలు ఎక్కువ కనిపించాయి. అతను అడిగిన వాటిలో రక్షణ గదిలోకి కుడికాలు ముందు పెట్టి వెళ్లడం మంచిదా అన్నది కూడా ఉంది. తెలుగువాళ్లకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పనక్కర్లేదు. 2008లో విట్సన్, గలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగశాలలోనే మనుషులకు పట్టు తప్పిన భావన కలిగించి చూస్తే, ఉత్త చుక్కల గందరగోళంలో కూడా వాళ్లకు బొమ్మలు కనిపించాయి.

మరి ఆ నిమ్మకాయ వల్ల కనీసం ధైర్యమైనా వస్తుందా? వస్తుందని 2010లో జర్మనీలో చేసిన ఒక ప్రయోగం చాలా పేరు తెచ్చుకుంది. ‘ఇది అదృష్టం బంతి’ అని చెప్పి ఇస్తే గోల్ఫ్ బాగా ఆడారన్నారు. 2014లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేస్తే తేడా ఏమీ కనిపించలేదు. మొదటి కథే ఇంకా ఎక్కువ చెలామణిలో ఉండటం, నమ్మకాలు ఎలా బతుకుతాయో చెప్పడానికి ఇంకో నమూనా.

బతకడానికి వాటికి దొరికే బలమైన సాయం, మన లెక్కల పుస్తకంలో ఒక పక్క పేజీలు లేకపోవడం. ఓడ మునిగే తుపానులో మొక్కుకుని బయటపడినవాళ్లు గుడిలో పెట్టించిన చిత్రపటాలను చూపించి, ‘ఇప్పుడైనా దేవుళ్లను నమ్ముతావా’ అని డయాగరస్ అనే గ్రీకు నాస్తికుణ్ని ఒకరు అడిగారట. మొక్కుకుని మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడ అన్నాడాయన. రోమన్ రచయిత సిసెరో చెప్పిన ఈ కథకు మన పల్లెల్లో దగ్గరి బంధువు పాము మంత్రం. దేశంలో ఉన్న పాముల్లో ఎక్కువ జాతులకు విషం లేదు. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. జెర్రిపోతో నీరుకట్టో కరిచి మంత్రం వేయించుకున్నవాడు లేచి ఇంటికి నడిచిపోతాడు, జన్మంతా మంత్రగాడి గొప్ప చెబుతాడు. కట్లపాము కరిచినవాడు చెప్పడానికి మిగలడు. అతని విషయంలో ‘ఆలస్యంగా తెచ్చారు’ అన్న మాట సిద్ధంగా ఉంటుంది. కట్లపాము కాటు అసలే మోసకారి, నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏడాదికి సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయారని అంచనా. ఎక్కువమంది పల్లెవాళ్లే. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాల్సిన గంటలు మంత్రం దగ్గర ఖర్చయిపోతే ఆ ఇంజెక్షన్ కూడా చేయగలిగింది తక్కువ. కామెర్లకు పసరు పోయించడం కూడా ఇదే దారి. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకి పోతుంది.

దిష్టి తీసే మిరపకాయల్లో ఈ లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్లాడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు, ఆ దిష్టే ఘాటంతా లాగేసింది. ఘాటు వస్తే దిష్టి అంతగా లేదు, మంచిదే. ఎటు పడినా దిష్టి అనేది లేదన్న జవాబు మాత్రం ఆ పొయ్యిలో రాదు. మంట బాగా లేచి పొగ పైకి లాగేసినా ఘాటు తగలదని ఎవరూ పరీక్షించరు. పరీక్షించాలని అనిపించదు కూడా, ఎందుకంటే అప్పటికే ఏడుపు ఆపిన పిల్లాడు నిద్రపోయి ఉంటాడు. దీనివల్ల పోయేది నాలుగు మిరపకాయలు. ఇలాంటి వాటి మీద యుద్ధం ప్రకటించేవాళ్ల శక్తి వృథా అనిపిస్తుంది.

శాస్త్రం వచ్చినచోట భయం పోతుందనుకుంటే 1910 సంవత్సరం చూడాలి. ఆ మే నెలలో హేలీ తోకచుక్క తోకలోంచి భూమి వెళ్లింది. తోకచుక్కంటే అరిష్టమని మన పల్లెల్లో భయపడ్డారు. అమెరికా, ఐరోపాల్లో భయపడింది సైన్సు వార్త చదివి. తోకలో సైనోజన్ అనే విషవాయువు ఉన్నట్టు వర్ణపటంలో కనిపించిందని అంతకు ముందే పత్రికలు రాశాయి. భూమ్మీద ప్రాణి మిగలదేమోనన్న పుకారు లేచింది, తోకచుక్క నుంచి కాపాడే మాత్రలు కూడా అమ్మారు. ఆ వాయువు అంత పల్చగా ఉంటే ఏమీ కాదని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. అదే ఏడాది విజయనగరంలో గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ రాశారు. అందులో తోకచుక్క అరిష్టం కాదు. దారిన పోతూ చూడవచ్చిన భూమి దూరపు చుట్టం, సంఘ సంస్కరణకు ఎత్తిన జెండా. వస్తువు ఒకటే. ఒకచోట సైన్సు భయానికి పనికొచ్చింది, ఇంకోచోట ధైర్యానికి.

ఆ సంస్కరణ కవులు పట్టించుకున్న శకునాల్లోనే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్న లెక్క తేటగా కనిపిస్తుంది. పిల్లి ఎదురైతే పిల్లికి నష్టం లేదు. భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే అపశకునం అన్న నమ్మకం మాత్రం ఒక మనిషిని పెళ్లిళ్ల నుంచి, పేరంటాల నుంచి, పొద్దున్నే వాకిట్లో నిలబడే హక్కు నుంచి బయటికి తోసేసింది. తన సొంత కొడుకు ప్రయాణమవుతుంటే ఆవిడే ముందు తప్పుకుంటుంది, ఎవరూ చెప్పక్కర్లేకుండా. శుభం పేరంతా ముత్తైదువకు, దాని బిల్లు మొత్తం ఆవిడకు.

కారణం తెలియనితనం ఎంత బరువో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. నీళ్లలో సిలికానా, భారలోహాలా, పురుగుమందులా, ఎండలో ఒళ్లెండిపోయే పనా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా అని ఎన్నో అధ్యయనాలు జరిగాయి. ఇదీ కారణం అని ఒక్కటి ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం నుంచి వంశధార నీటి పథకం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ పడక మీదున్న మనిషి మొదట అడిగేది ‘నాకే ఎందుకు’ అని. డాక్టరు నిజాయితీగా చెప్పగలిగే జవాబు ‘తెలియదు’. ఆ మాట సైన్సుకి గౌరవం, రోగికి నరకం. ఆ ఖాళీలోకి ఏదో ఒక జవాబు పట్టుకుని ఎవరు వచ్చినా చెవి ఒగ్గడం మానవ సహజం.

‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వచ్చినప్పుడే కథ రక్తం దాకా పోతుంది. 1937లో ఎవాన్స్-ప్రిచర్డ్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని అజాండే జనం గురించి రాస్తూ ఒక ధాన్యపు గాదె ఉదాహరణ ఇచ్చాడు. గాదె కూలి కింద కూర్చున్నవాళ్లు దెబ్బలు తిన్నారు. గుంజలను చెదలు తిన్నాయని అజాండేలకు తెలుసు. ఎండకు జనం దాని కింద కూర్చుంటారనీ తెలుసు. వాళ్లు కూర్చున్న ఆ క్షణంలోనే ఎందుకు కూలిందన్నది వాళ్ల ప్రశ్న. దానికి వాళ్ల జవాబు చేతబడి. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీలో, ఇప్పుడు ఎక్కువభాగం పార్వతీపురం మన్యం జిల్లాలో, ఆ జవాబు పేరు చిల్లంగి. మైదానంలో చేతబడి అంటారు. అది కొండవాళ్ల వ్యవహారమని మైదానంవాళ్లు అనుకోవడం తమ ఊరి సంగతి మరిచిపోవడమే.

చిల్లంగి పేరు పెట్టి కొట్టడాలు, చంపడాలు అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. నడక దాదాపు ఒకేలా ఉంటుంది. ఇంట్లో ఒకరికి జబ్బు, ఆస్పత్రికి తిప్పినా తగ్గలేదు, లేదా ఆస్పత్రే దూరం. చావు, వెంటనే ఇంకో చావు. ఒక గురువు దగ్గర అడిగిస్తారు. ఆయన నేరుగా పేరు చెప్పడు. మీకు తూర్పున ఉంటాడు, మీతో మాటలు లేవు, ఈమధ్య మీ గుమ్మం తొక్కాడు అంటాడు. పేరు అడిగినవాళ్లే నింపుకుంటారు. అలా నింపుకున్న పేరు ముందే తగాదా ఉన్నవాడిదో, వెనక ఎవరూ లేని ముసలివాళ్లదో అవుతుంది. పొలం గట్టు కూడా మధ్యలో ఉండటం కద్దు. టాంజానియాలోని మియాటు జిల్లాలో ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీస్తే, కరువో అతివృష్టో వచ్చిన ఏళ్లలో మంత్రగత్తెలన్న పేరుతో జరిగే హత్యలు రెట్టింపయ్యాయి. ఎక్కువగా చనిపోయింది ఆ ఇళ్లలోని ముసలి ఆడవాళ్లే. తిండి తక్కువైన ఏడాది నమ్మకం పదునెక్కుతుంది.

చట్టం ఇక్కడ విచిత్రమైన చోట ఆగిపోయింది. పక్కనున్న ఒడిశా 2013లోనే మంత్రగత్తె ముద్ర వేయడాన్ని విడిగా నేరం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. సరిహద్దు ఊరు ఇచ్ఛాపురానికి అవతల ముద్ర వేసిన నాడే ఆ పేరుతో కేసు పెట్టవచ్చు. ఇవతల బెదిరింపు, దాడి, హత్య లాంటి మామూలు సెక్షన్లలో ఇరికించాలి. ఆచరణలో అవి కదిలేది ఎక్కువగా దెబ్బ పడ్డాకే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో దళితులను, గిరిజనులను హింసించడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. కానీ ఆ చట్టం కింద నిందితుడు ఎస్సీ, ఎస్టీలకు బయటివాడై ఉండాలి. గూడెంలో వేలు చూపినవాడూ గిరిజనుడే, చూపించుకున్నవాడూ గిరిజనుడే.